నోటిమాట గిరాకీ: సిద్దిపేట ప్రాంతం

ఒకరి పని చూసినవారు మరొకరికి చెప్పడం వల్ల, ప్రకటనలతో సంబంధం లేకుండా వచ్చే వ్యాపారమే నోటిమాట గిరాకీ. తెలంగాణలోని సిద్దిపేట పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో సుతారి మేస్త్రీ నుంచి వకీలు దాకా చాలామంది బతుకు ఇప్పటికీ దీని మీదే నడుస్తోంది. చాయ్ హోటల్లోనో, బస్సులోనో, దావతులోనో, మహిళా సంఘం మీటింగులోనో వేరే ముచ్చట్ల నడుమ ఒక పేరు వస్తుంది. ఆ పేరు పట్టుకొని మరునాడు ఒకరు ఫోన్ చేస్తారు, లేదా దుకాణం మెట్లెక్కుతారు.

ఇది ఖర్చులేని ప్రచారమని వ్యాపార శిక్షణ ఇచ్చేవాళ్లు చెబుతుంటారు. ఆ మాట సగమే నిజం. ఖర్చు ఉంది, కాకపోతే దాన్ని మోసేది పనివాడు కాదు, అతని పేరు చెప్పిన మనిషి. గోడ పగిలినా, దావతులో కూర చాలకపోయినా, చిట్టీ మునిగినా జనం ముందుగా వెళ్లి నిలదీసేది అతణ్నే: "నువ్వు చెప్తెనే కదా పోయినం!" ఈ ప్రాంతంలో సిఫారసు జమానతుకు దగ్గరి చుట్టం. సంతకం ఉండదు, పూచీ మాత్రం ఉంటుంది. ఎవరు ఎవరి పేరు చెబుతారు, ఎప్పుడు చెప్పరు, కమీషన్ దూరితే ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నింటికీ ఈ పూచీ దగ్గరే జవాబు దొరుకుతుంది.

కట్టుబడి ఇళ్ల కాలం

పల్లె పనివాడు గిరాకీ వెతుక్కోవాల్సిన అవసరం ఒకప్పుడు లేదు. వడ్ల, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి వృత్తులవారికి ఊళ్లో ఇన్ని ఇళ్లని కట్టుబడి ఉండేవి. ఏడాదంతా పని చేసి, పంట కళ్లంలోకి వచ్చాక గింజలు కొలిపించుకునేవారు. నాగలి సరిగా చెక్కలేదని రైతు మరో వడ్లాయన దగ్గరికి పోవడం అంత తేలిక కాదు. ఎంత బాగా చెక్కినా పక్క ఊరి రైతులు వచ్చి చేరేదీ లేదు. ఎవరి పని ఎవరు చేయాలో పుట్టుకతోనే తేలిపోయిన చోట సిఫారసు ఎవరికీ అక్కరకు రాదు.

ఈ కట్టుబాటు ఎంత బిగువుగా ఉండేదో చేర్యాల నకాషీ పటాల చరిత్ర చూస్తే తెలుస్తుంది. గజాల పొడవున బట్ట మీద బొమ్మల కథ గీసే నకాషీ కుటుంబాలకు కొనుగోలుదారులు కథలు చెప్పే బృందాలవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఇలా వరుస ఉండేది. ఒక్కో కథకుల కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాసి. ఆ ఊళ్లలో వేరొకరు పటం విప్పకూడదు. పటం పాతబడితే తాతల నాటి నుంచి తెలిసిన నకాషీ ఇంటికే వెళ్లేవారు. కొడుక్కి కుంచెతో పాటు గిరాకీ కూడా వారసత్వంగా దక్కేది.

సినిమా, టీవీ వచ్చి రాత్రంతా కూర్చుని కథ వినేవారు తగ్గిపోయారు. పటం చేయించుకునేవారూ తగ్గారు. నకాషీలు చిన్న పటాలకు, చెక్క బొమ్మలకు, మాస్కులకు దిగారు. కొనేవారు ఇప్పుడు హైదరాబాద్, ఢిల్లీ మనుషులు. వాళ్లతో మిరాసి సంబంధం లేదు, ఊరి సంబంధం అంతకన్నా లేదు. ఒక ప్రదర్శనలో పటం కొన్నవారి హాలు గోడ మీద దాన్ని చూసిన చుట్టం "ఇదెక్కడిది?" అని అడగాలి, ఇంటివారు చేర్యాల పేరు చెప్పాలి, ఫోన్ నంబరు ఇవ్వాలి. భౌగోళిక గుర్తింపు, పురస్కారాలు కళకు పేరు తెచ్చాయి. ఏ ఇంటి తలుపు తట్టాలో మాత్రం చాలాసార్లు ముందు కొన్నవారే చెప్పాలి.

భౌగోళిక గుర్తింపు ఉన్న మరో సరుకు సిద్దిపేట గొల్లభామ చీర. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేతలో దించుతారు కాబట్టి పని నెమ్మది, నేసేవారు కొద్దిమంది. ఈ చీరకు ఒక లాభం ఉంది: ముచ్చట అదే మొదలుపెడుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు వలయంగా నిలబడి ఒకరి చీర ఒకరు చూసుకుంటారు. అంచు మీద బొమ్మ కనిపిస్తే ఎక్కడ కొన్నావని అడగకుండా ఎవరూ ఉండరు. కొన్న సొసైటీ పేరో, నేసిన ఇంటి గుర్తులో అక్కడే చేతులు మారతాయి.

ఇల్లు కట్టే చోట

ఈ ప్రాంతంలో నోటిమాట బలం చూడాలంటే ఇళ్ల నిర్మాణం చూడాలి. ఒక సాధారణ కుటుంబం జీవితంలో ఒకే ఒక్కసారి ఇల్లు కడుతుంది. అంతకుముందు చేతికొచ్చిన అనుభవం ఉండదు, తప్పు జరిగితే దిద్దుకునే డబ్బు కూడా ఉండదు. అందుకే కట్టాలనుకున్నవారు ఏడాది ముందు నుంచే కట్టిన ఇళ్ల చుట్టూ తిరుగుతారు. అడిగేది మేస్త్రీని కాదు, ఆ ఇంటాయనను. మొదటి రెండు ప్రశ్నలూ గోడ గురించి ఉండవు. "చెప్పిన దినాలకు అయిపోగొట్టిండా?" "నడుమ పైసల కోసం సతాయించిండా?" ఇవి తేలాకే పనితనం మాట. గోడ నిటారుగా ఉందో లేదో కంటికి కనబడుతుంది, మనిషి తీరు అనుభవించినవారు చెబితేనే తెలుస్తుంది.

ఒకసారి మేస్త్రీ కుదిరాడంటే అతని వెనక మరికొన్ని పేర్లు వస్తాయి. సెంట్రింగ్ వాళ్లు, బోరు మోటారు దించేవాడు, కరెంటు పనివాడు, ప్లంబర్, టైల్స్ వేసేవాడు, తలుపులు చేసే వడ్రంగి, పెయింటర్. వీళ్లలో సగం మంది మేస్త్రీ చెప్పినవాళ్లే. ఒకరి పని చెడితే తరువాతి వాడి పని ఆగుతుంది కాబట్టి మేస్త్రీ తనకు తలనొప్పి తేని వాళ్లనే చెబుతాడు. ఇంటాయన చెప్పే పేరు మర్యాద నిలుపుకోవడానికి, మేస్త్రీ చెప్పే పేరు తన పని సాగడానికి. రెండూ సిఫారసులే, కానీ వినేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటారు.

గృహప్రవేశం నాడు జరిగే ఒక తంతుకు వ్యాపార పాఠాల్లో చోటు దొరకలేదు గాని దొరకాల్సింది. చుట్టాలు, ఇరుగుపొరుగు అంతా ఉండగా ఇంటివారు మేస్త్రీకి, వడ్రంగికి కొత్త బట్టలు పెడతారు. పని నచ్చిందని అంతమంది ముందు ఒప్పుకోవడం అది. అక్కడ కూర్చున్నవారిలో ఇల్లు కట్టబోయేవారు ఒకరిద్దరైనా ఉంటారు. భోజనాలయ్యాక మేస్త్రీని పక్కకు పిలిచి "మా దిక్కు ఎప్పుడు తీరుతది?" అని అడుగుతారు. బట్టలు పెట్టకుండా పంపించారంటే ఆ సంగతి కూడా అంతే వేగంగా ఊరు దాటుతుంది.

దావతుల్లో జరిగేదీ ఇదే. మటన్ బాగుంటే చేయి కడుక్కునేటప్పుడు "వంట ఎవలు చేసిండ్రు?" అన్న మాట వస్తుంది. వంట మాస్టర్ అప్పటికి పొయ్యి దగ్గరే ఉంటాడు గనుక నంబరు చేతిలో పడటానికి నిమిషం చాలు. టెంట్ హౌస్, బ్యాండ్, ఫోటోగ్రాఫర్, పూల డెకరేషన్ వాళ్లు ఒకరి కార్డు ఒకరు జేబులో పెట్టుకు తిరుగుతారు. కొమురవెల్లి మల్లన్నకు ఇంట్లో పట్నం ముగ్గు వేయించాలనుకున్న కుటుంబం కూడా ఒగ్గు కథ చెప్పే బృందాన్ని ఇలాగే కుదుర్చుకుంటుంది: పోయినేడు మేనమామ ఇంట్లో రాత్రంతా జనాన్ని కదలకుండా కూర్చోబెట్టిన వాళ్లెవరో కనుక్కొని.

పేరు చెప్పడంలో మర్యాదలు

తెలివైన దుకాణదారు కొత్త మనిషిని మొదట అడిగేది "ఎవలు చెప్పిండ్రు?" అని. పేరు తెలిశాక ఆ పేరు గల మనిషికి కబురు అందేలా చూసుకుంటాడు. సాయంత్రం కనిపించినప్పుడు "మీరు పంపినోళ్లు వచ్చిండ్రు, పని అయిపోయింది" అంటాడు. దీంతో చెప్పినవాడి మనసులోని భారం దిగుతుంది, తన మాటకు విలువ ఉందని తెలుస్తుంది, ఇంకోసారి చెప్పడానికి వెనకాడడు. చేతిలో డబ్బు పెట్టడం మాత్రం చాలామందికి నచ్చదు. ఒక చాయ్, కొడుకు పెళ్లికి పిలుపు, తరువాతి పనిలో కాస్త తగ్గింపు, అంతే మర్యాద.

నేరుగా "నలుగురికి చెప్పుండ్రి" అని అడిగేవారికి ఇక్కడ మంచి పేరు రాదు. పనిలేక అడుగుతున్నాడనుకుంటారు. కుట్టిన జాకెట్టు ఇస్తూ టైలరమ్మ "మీ చెల్లె పెండ్లి మాఘమాసంల అంటిరి కదా, ముందుగాల చెప్తే టైంకు ఇస్త" అంటుంది. అడిగినట్టూ ఉంటుంది, అడగనట్టూ ఉంటుంది. ఈ మాట అనాలంటే ఆమెకు ఎదుటి ఇంటి పెళ్లి సంగతి తెలిసి ఉండాలి, అంటే కొలతలు తీసుకునేటప్పుడు ముచ్చట పెట్టి ఉండాలి. మాట్లాడని పనివాడికి పనితనం ఎంత ఉన్నా ఈ రకం గిరాకీ కొంత తక్కువే. అది న్యాయమా అంటే కాదు.

బోరు, విత్తనం: మాట గురి తప్పే చోటు

నోటిమాట ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోవడం పొరపాటు. పని ఫలితం కంటికి కనబడి, దానికి కారణం పనివాడే అయిన చోట మాట గురి తప్పదు. ఫలితంలో అదృష్టం పాలు ఎక్కువైతే అదే మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. దీనికి సిద్దిపేట మెట్టల్లో బోరును మించిన ఉదాహరణ లేదు.

కాళేశ్వరం జలాశయాలు రాకముందు ఈ ప్రాంతపు సేద్యం చెరువుల మీద, బోర్ల మీద ఆధారపడింది. రాతి నేలలో నీళ్లు పగుళ్ల వెంట ఉంటాయి. ఒక మడిలో పడి పక్క మడిలో పడకపోవడం మామూలు. పొలంలో కొబ్బరికాయో పుల్లో పట్టుకు తిరిగి పాయింట్ పెట్టేవారికి పేరు నోటిమాట మీదే వస్తుంది. ఒక ఊళ్లో వరుసగా రెండు బోర్లు పడితే "ఆయన చేయి మంచిది" అన్న మాట పది ఊళ్లు పోతుంది. పడని బోరు గురించి రైతు పెద్దగా చెప్పుకోడు. అప్పు చేసి దింపిన గొట్టం పేరెత్తడం ఎవరికి ఇష్టం? గెలిచిన బోర్లు మాట్లాడతాయి, ఓడినవి నోరు విప్పవు. దాంతో పాయింట్ పెట్టేవారి లెక్క ఎప్పుడూ అసలు కన్నా మెరుగ్గా వినిపిస్తుంది. బోరు బండి విషయం వేరు. బోరు బండ్లకు తమిళనాడులోని తిరుచెంగోడు దేశమంతటా పేరుపడ్డ చోటు. అడుగుకు ఎంత తీసుకున్నాడు, చెప్పిన లోతే లెక్క కట్టాడా, కేసింగ్ సరిగా వేశాడా అన్నవి తేల్చుకోగలిగిన సంగతులు. ఆ బండ్లను పిలిపించే ఏజెంట్ల గురించి రైతులు చెప్పుకునే మాట మరింత నమ్మదగినది.

విత్తనాల సంగతి పరిశోధనకు కూడా ఎక్కింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా వ్యాపించిందో బ్రైస్ ర్యాన్, నీల్ గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనం చూపింది. కొత్త విత్తనం గురించి రైతులకు మొదట చెప్పింది కంపెనీ మనుషులు, వేయడానికి ఒప్పించింది పక్క చేను రైతులు. సిద్దిపేట పక్కనే ఉన్న అప్పటి వరంగల్ జిల్లా పత్తి రైతుల మీద గ్లెన్ డేవిస్ స్టోన్ చేసి 2007లో వెలువరించిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. ఒక ఊరంతా ఒక ఏడు ఒకే విత్తనం మీద పడుతుంది, మరుసటి ఏడు దాన్ని వదిలి ఇంకోదాని వెంట పోతుంది, దిగుబడితో ఆ మార్పులకు పొంతన ఉండదు. వందల పేర్లతో ప్యాకెట్లు వచ్చి, పేర్లు ఏటా మారుతుంటే రైతుకు తన చేలో పరీక్షించుకునే సమయం చిక్కదు. పక్కవాడు ఏది కొన్నాడో చూసి కొంటాడు, ఆ పక్కవాడూ మరొకరిని చూసే కొని ఉంటాడు. అనుభవం లేకుండానే సిఫారసు చేతులు మారుతూ పోయే స్థితి ఇది. విత్తనాల దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని వింటే ఈ పరిశోధన చదవాల్సిన పనిలేదు.

దగ్గరివారు, దూరపువారు

గిరాకీ ఎక్కువగా ఆప్తుల ద్వారా వస్తుందనుకుంటాం. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన ప్రసిద్ధ వ్యాసం దీన్ని తలకిందులు చేసింది. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని అడిగితే, ఆ పరిచయస్తుణ్ని తరచుగా కలుస్తున్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారి ద్వారా దొరికింది 55.6 శాతానికి, అరుదుగా కలిసేవారి ద్వారా దొరికింది 27.8 శాతానికి. కారణం తేలికే. మన దగ్గరివారికి తెలిసినవి మనకూ తెలిసినవే, కొత్త కబురు దూరపువారి దగ్గర ఉంటుంది.

సిద్దిపేట జిల్లా కూర్పే ఇలాంటి దూరపు పరిచయాల మీద నిలిచింది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లాలో పాత మెదక్ ప్రాంతంతో పాటు కరీంనగర్ నుంచి హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి, వరంగల్ నుంచి చేర్యాల వైపు మండలాలు వచ్చి చేరాయి. ఆ ఊళ్లవారి పెళ్లి సంబంధాలు, ఆసుపత్రులు, బట్టల దుకాణాలు అంతకుముందు వేరే పట్టణాల వైపు ఉండేవి. కలెక్టరాఫీసు పనికి సిద్దిపేట రావడం మొదలయ్యాక ఈ పట్టణపు పేర్లు అటు, అక్కడి పేర్లు ఇటు చేరుతున్నాయి. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలై బయటి జిల్లాల విద్యార్థులను, సిబ్బందిని తెచ్చింది. హైదరాబాద్, కరీంనగర్ మధ్య రాజీవ్ రహదారి మీద బస్సులో రెండు గంటలు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అపరిచితులు మాట్లాడుకోకుండా ఉండటం అరుదు. 2023 అక్టోబరులో సికింద్రాబాద్‌కు రైలు మొదలయ్యాక ముచ్చట్లకు ఇంకో చోటు దొరికింది.

ఎవరి నోట పడితే కబురు దూరం పోతుందో ఊరివారికి బాగా తెలుసు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ పొరుగున ఉన్న కర్ణాటకలోని 213 గ్రామాల్లో దీన్ని పరీక్షించి 2019లో ప్రచురించారు. "ఊళ్లో కబురు అందరికీ చేరాలంటే ఎవరికి చెప్పాలి?" అని గ్రామస్తులను అడిగి, వాళ్లు చూపినవారికి ఒక లక్కీ డ్రా సంగతి చెప్పారు. ఊరి పెద్దలకు చెప్పినప్పటి కన్నా, ఎవరో ఒకరిని ఎంచి చెప్పినప్పటి కన్నా ఇలా చెప్పినప్పుడే ఎక్కువమందికి తెలిసింది. సిద్దిపేట పల్లెల్లో ఈ పాత్ర సర్పంచుకు అరుదుగా దక్కుతుంది. కటింగ్ షాపు నడిపేవాడు, కిరాణం దుకాణం ఆమె, ఆటో డ్రైవరు, అంగన్‌వాడీ టీచరు, సంఘం లీడరు లాంటివాళ్లకే చెల్లుతుంది.

అడ్తి, సంఘం, చిట్టీ

మార్కెట్ యార్డులో రైతు తన మక్కలు ఏ అడ్తి వ్యాపారికి తెస్తాడన్నది ధర ఒక్కదాని మీదే తేలదు. తూకం ఎలా ఉంది, పైసలు ఏ రోజు చేతికి వచ్చాయి, అడిగినప్పుడు ముందుగా ఇచ్చాడా అన్నవి ఊరి రచ్చబండ మీద చర్చకు వస్తాయి. ఒక ఊరి నుంచి ఒకరు మొదలుపెడితే మిగతావారు అదే అడ్తికి బండ్లు తిప్పుతారు. ఉద్దెర ఉన్న రైతుకు ఈ స్వేచ్ఛ లేదు. అతను బాకీ ఉన్న చోటుకే సరుకు తేవాలి, పొరుగువాడి మంచి మాట అతనికి పనికిరాదు.

చిట్టీలో పూచీ బాహాటంగా కనిపిస్తుంది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ప్రకారం నమోదైన చిట్టీలు ఉన్నా, తెలిసినవారి మధ్య నడిచే చిట్టీలు ఊరూరా ఉన్నాయి. సభ్యుణ్ని తెచ్చినవాడు అతను పాడుకున్నాక కట్టకపోతే జవాబు చెప్పాలి. మహిళా సంఘాల్లోనూ కొత్త సభ్యురాలిని తెచ్చినామె మీద ఒక కన్ను ఉంటుంది. ఇలాంటి చోట్ల మనుషులు పేర్లు ఆచితూచి చెబుతారు. సంఘం మీటింగులో అప్పు కిస్తీల లెక్క అయ్యాక మొదలయ్యే ముచ్చట్లలో మాత్రం ఆ బిగువు సడలుతుంది. ఏ బడిలో ఫీజు తక్కువ, ఏ డాక్టరమ్మ ఓపిగ్గా చూస్తుంది, ఏ దుకాణంలో చీరలు వాపసు తీసుకుంటారు అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి.

కమీషన్ దూరినప్పుడు

పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలిచే వైద్యుడు రోగిని పట్టణంలోని ఫలానా ఆసుపత్రికి పంపడం కూడా సిఫారసే. దానికి ఆసుపత్రి నుంచి కమీషన్ ముట్టడం బహిరంగ రహస్యం. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం తప్పని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. ఆ కమీషన్ బిల్లులో కలిసి చివరికి రోగి ఇంటివారి మీదే పడుతుంది. ఇక్కడ చెడింది ఖర్చు ఒక్కటే అనుకోకూడదు. చెప్పినవాడు తన పేరును పణంగా పెట్టి చెబుతున్నాడని వినేవాడు అనుకుంటాడు, చెప్పేవాడు మాత్రం డబ్బు కోసం చెబుతున్నాడు.

వకీళ్లకు చట్టమే నోటిమాటను మిగిల్చింది. న్యాయవాది ప్రకటనలు ఇవ్వకూడదని, కేసుల కోసం వెంటపడకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన. చార్టర్డ్ అకౌంటెంట్లకూ ఇలాంటి కట్టడే ఉంది. కోర్టు ముందు చాయ్ బండి దగ్గర కూర్చున్న పాత కక్షిదారు చెప్పే మాటే యువ వకీలుకు పెట్టుబడి.

భూమి దళారుల లెక్క వేరు. వాళ్ల కమీషన్ దాపరికం కాదు. ఒక శాతమో రెండు శాతమో అందరికీ తెలిసే తీసుకుంటారు, కాబట్టి వాళ్ల పొగడ్తను ఎంత తగ్గించి వినాలో కొనేవారికి తెలుసు. గజ్వేల్ వైపు భూముల ధరలు పెరిగాక ఒక్కో ఊళ్లో దళారులు కాని మగవాళ్లను లెక్కపెట్టడం తేలికైంది. గల్ఫ్ వీసాల్లో ఇంత స్పష్టత లేదు. 1983 నాటి వలస చట్టం కింద నమోదైన ఏజెంట్లే మనుషులను పంపాలి. దుబ్బాక వైపు పల్లెల్లో మాత్రం కబురు తెచ్చేది ఏజెంటుకు మనిషినిచ్చే మరో మనిషి, చాలాసార్లు వరసకు బావో చిన్నాయనో. చుట్టరికాన్ని చూసి నమ్మి అప్పు చేసి డబ్బు కట్టినవారు మోసపోతే చట్టం దాకా వెళ్లడానికి కూడా ఆ చుట్టరికమే అడ్డం పడుతుంది. మనిషిని చేర్పిస్తే డబ్బులొస్తాయని చెప్పే గొలుసుకట్టు పథకాలు కూడా ఈ దారినే వస్తాయి. 1978 చట్టం నిషేధించినా వేరే పేర్లతో తిరిగి వస్తుంటాయి.

డబ్బిచ్చి చెప్పించుకున్న మాట ప్రతిచోటా చెడుతుందని దీనర్థం కాదు. ఒక జర్మన్ బ్యాంకు తెలిసినవారిని తెచ్చినందుకు ఖాతాదారులకు 25 యూరోలు ఇచ్చింది. అలా వచ్చినవారు మిగతావారి కన్నా ఎక్కువ కాలం నిలిచారని, బ్యాంకుకు వాళ్ల విలువ సుమారు 16 శాతం ఎక్కువని 2011లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఆ 25 యూరోల సంగతి బ్యాంకు అందరికీ చెప్పి ఇచ్చింది. ఆర్‌ఎంపీ కమీషన్‌కు, దీనికి ఉన్న తేడా అక్కడే ఉంది. ఇవాన్ మిస్నర్ 1985లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన బీఎన్‌ఐ ఇంకో పద్ధతి. వృత్తికి ఒక్కరు చొప్పున వారం వారం కలిసి ఒకరికొకరు గిరాకీ చూపుకుంటారు. హైదరాబాద్‌లోనూ దాని బృందాలు ఉన్నాయి. టై కట్టుకొని పొద్దున్నే కలిసే ఈ సమావేశాలకు, దావతులో చేయి కడుక్కుంటూ అడిగే ప్రశ్నకు మధ్య దూరం చాలా ఉంది. మొదటిదాంట్లో పేరు చెప్పడం సభ్యుల బాధ్యత. రెండోదాంట్లో బాగుంటేనే చెబుతారు, బాగులేకుంటే మాట మారుస్తారు.

మాట చేరనివారు

నోటిమాట మనుషుల మధ్య ఉన్న దారుల వెంటే నడుస్తుంది, ఆ దారులు కులం, వాడ, మతం గీసినవి. దళితవాడలోని మంచి పెయింటర్ పేరు ఊరి నడుమ ఇళ్ల దావతుల్లో వినిపించాలంటే ముందు అక్కడి ఒకరి ఇంటికి రంగు వేసి ఉండాలి, ఆ మొదటి ఇల్లు దొరకడమే కష్టం. కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాడిదీ, కోడలుగా వచ్చి కుట్టుమిషను పెట్టుకున్న ఆమెదీ ఇదే కష్టం. బోర్డుకు, కరపత్రానికి ఉన్న గుణం ఇక్కడ తెలుస్తుంది. అవి ఎవరి కులమూ అడగవు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మార్బుల్, టైల్స్ పనివాళ్లు కాంట్రాక్టరు ద్వారా మొదటి పని పట్టుకొని, భాష సరిగా రాకున్నా పని చూపించి తరువాతివి తెచ్చుకున్నారు. స్థానికులకు దొరకని వెసులుబాటు కూడా వాళ్లకు ఒకటి ఉంది: ఊరి పాత లెక్కల్లో వాళ్లకు ఏ చోటూ కేటాయించి లేదు.

ఫోన్లలోకి

ఊరి వాట్సాప్ గ్రూపులో "మంచి వంట మాస్టర్ ఉంటే చెప్పుండ్రి" అని ఒకరు పెడితే పది నిమిషాల్లో ఆరు నంబర్లు వస్తాయి. గూగుల్‌లో రేటింగ్ చుక్కలూ ఉంటాయి. నంబరు పెట్టడానికి ఏ ఖర్చూ లేదు కాబట్టి జనం వాటిని పూర్తిగా నమ్మరు. ఆరు నంబర్లు పెట్టినవారిలో తనకు బాగా తెలిసిన ఒకరికి విడిగా ఫోన్ చేసి "నిజంగ మంచిగ చేస్తడా, మీ ఇంట్ల చేయించిండ్రా?" అని అడుగుతారు. అవతలి మనిషి ఆగి, "నేను చేయించలే, మా తమ్ముని దోస్తు నంబరు పెట్టమంటే పెట్టిన" అంటే ఆ నంబరు అక్కడే పోతుంది.